ఒక్క అణువును మార్చాలంటే ఎస్టీఎంలో ఏ దారి పట్టాలి: కంపనమా, ఎలక్ట్రానా, ఫీల్డా, తోపుడా?

పోయిన సంక్రాంతికి నెల్లూరు వచ్చినప్పుడు మా పిన్ని కొడుకు నన్ను మేడ మీద కూర్చోబెట్టి ఒకటే ప్రశ్న తిప్పి తిప్పి అడిగాడు. వాడు ఒంగోలులో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతూ పీహెచ్‌డీ ఇంటర్వ్యూలకు తయారవుతున్నాడు. "అన్నా, ఎస్టీఎంతో ఒక్క అణువులో బంధం తెంచొచ్చంటారు, రెండు అణువుల్ని అతికించొచ్చంటారు, అది కరెంటు వల్ల జరుగుతుందా, వోల్టేజ్ వల్లా, లేకపోతే టిప్‌తో నెట్టడం వల్లా? వీటిలో ఏది మంచిది?" నేను ఈ పనిలోనే ఐదేళ్లు ఉన్నాను కాబట్టి నాకు నచ్చిన సమాధానం ఒకటుంది, కానీ అది ఒక్క ముక్కలో చెబితే వాడు తప్పుదారి పడతాడు. అందుకే ఆ రాత్రి వాడికి చెప్పిందీ, నిద్రొచ్చి వదిలేసిందీ కలిపి ఇక్కడ రాస్తున్నా.

ముందు మిషన్ సంగతి. ఎస్టీఎం అంటే స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్. 1981లో జూరిక్ దగ్గరి ఐబీఎం ల్యాబులో గెర్డ్ బిన్నిగ్, హైన్‌రిష్ రోరర్ తయారు చేశారు, 1986లో వాళ్లకు నోబెల్ వచ్చింది. సన్నని లోహపు టిప్‌ని ఉపరితలానికి ఒక నానోమీటరు లోపు దూరానికి తెచ్చి కొంచెం వోల్టేజ్ పెడితే, ఆ ఖాళీని దాటి ఎలక్ట్రాన్లు పారతాయి. దూరం 0.1 నానోమీటరు తగ్గితే కరెంటు సుమారు పది రెట్లు పెరుగుతుంది, అణువులు విడివిడిగా కనిపించేది అందుకే. ఒక లెక్క మాత్రం బాగా గుర్తుంచుకోవాలి. 1 నానో ఆంపియర్ అంటే ఏమీ కాదనిపిస్తుంది, కానీ అది సెకనుకు 600 కోట్లకు పైగా ఎలక్ట్రాన్లు, అవన్నీ టిప్ కింద ఉన్న ఆ ఒక్క అణువు మీదుగానే పోతుంటాయి. దాదాపు అన్నీ ఏమీ చేయకుండా దాటిపోతాయి. ఎప్పుడో ఒకటి తన శక్తిని అణువులో వదిలి వెళుతుంది, మన కెమిస్ట్రీ మొదలయ్యేది అక్కడ.

దారులు పోల్చే ముందు నాకు జరిగింది ఒకటి చెప్పాలి, ఎందుకంటే నా సలహా అంతా దానిమీదే నిలబడి ఉంది. రెండో ఏడాదిలో ఒక అణువు మీద టిప్ ఆపి 3 వోల్టుల పల్స్ (కాసేపు మాత్రమే పెట్టే వోల్టేజ్) ఇచ్చాను. మళ్లీ స్కాన్ చేస్తే అణువు లేదు. ఉపరితలం నుంచి ఎగిరిపోయిందని నోట్‌బుక్‌లో రాసుకున్నాను, రెండు వారాలు అలాగే లెక్కలు వేసుకుంటూ పోయాను. తర్వాత తెలిసిందేమిటంటే చాలాసార్లు అది ఎక్కడికీ పోలేదు, టిప్ కొనకే అతుక్కుని ఉంది, ఆ తర్వాత తీసిన బొమ్మలన్నీ వేరే రకంగా రావడానికి అదే కారణం. రెండు వారాల డేటా పక్కన పెట్టేయాల్సి వచ్చింది. అప్పటినుంచి నా పద్ధతి మారింది: మార్పును ఎలా తేవాలి అన్నది తర్వాత, మార్పు వచ్చిందని ఎలా రుజువు చేస్తాను అన్నది ముందు. కింద ప్రతి దారినీ ఆ కళ్లతోనే చూస్తాను.

మొదటిది కంపనం దారి, అన్నింటికంటే మెత్తనిది. వోల్టేజ్ అర వోల్టు లోపే ఉంటుంది. వచ్చే ఎలక్ట్రాన్ అణువులోని ఒక బంధాన్ని ఊపుతుంది, అంతే. ఈ దారిలో విల్సన్ హో బృందం కార్నెల్‌లో చేసిన పని ముందుగా చదవండి. 1998లో వాళ్లు రాగి మీద కూర్చున్న ఒక్క ఎసిటిలీన్ అణువులో కార్బన్-హైడ్రోజన్ బంధం సాగే కంపనాన్ని 358 మిల్లీవోల్టుల దగ్గర పట్టుకున్నారు, హైడ్రోజన్ల బదులు డ్యుటీరియం (బరువు ఎక్కువున్న హైడ్రోజన్) పెట్టిన అణువులో అదే కంపనం 266కి దిగింది. బరువు పెరిగితే ఊపు నెమ్మదిస్తుంది కదా. చూడండి, ఇక్కడ అణువును కదిలించేదీ, అది ఏ అణువో చెప్పేదీ ఒకే కరెంటు. రుజువు చేతిలోనే ఉంటుంది, నాకు ఈ దారి మీద అంత ఇష్టం అందుకే.

దానికి ముందు ఏడాది, 1997లో, అదే బృందం ప్లాటినం మీద ఆక్సిజన్ అణువును రెండుగా విడగొట్టింది. 0.4 వోల్టుల దగ్గర ఒక్క ఎలక్ట్రాన్ చాలు, 0.3 దగ్గర రెండు కావాలి, 0.2 దగ్గర మూడు కావాలి. ఇది ఎలా తెలుస్తుందంటే, కరెంటు పెంచుతూ మార్పు ఎంత వేగంగా జరుగుతోందో కొలిచి, రెండింటినీ లాగరిథమ్ స్కేలులో గీస్తే వచ్చే గీత వాలు దాదాపు ఎలక్ట్రాన్ల సంఖ్యే. ఉయ్యాల ఊపడం లాంటిది ఇది: మొదటి ఊపు చచ్చిపోయే లోపు రెండోది పడాలి. లోహం మీద అణువు కంపనం పికో సెకన్లలో (పికో అంటే లక్ష కోట్లో వంతు) చల్లారిపోతుంది, 1 నానో ఆంపియర్ దగ్గర ఎలక్ట్రాన్‌కీ ఎలక్ట్రాన్‌కీ మధ్య సుమారు 160 పికో సెకన్ల ఎడం ఉంటుంది, కాబట్టి రెండు మూడు ఎలక్ట్రాన్ల పని అంటే కరెంటు బాగా పెంచాల్సిందే. ఏ కంపనాన్ని ఊపితే ఏ పని జరుగుతుందో ఎంచుకోవచ్చు కూడా, 2003లో రాగి మీద అమ్మోనియాతో పాస్కువాల్ బృందం అది చూపించింది, ఒక కంపనానికి అణువు పక్కకు జరిగింది, ఇంకోదానికి ఉపరితలం వదిలి లేచిపోయింది. దీని పరిమితి కూడా చెప్పాలి: జరగడం, తిరగడం, ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మారడం, బలహీనమైన బంధం తెగడం, ఇంతవరకే. గట్టి బంధాల దగ్గర ఇది చాలదు.

రెండోది ఎలక్ట్రాన్‌ను అణువు ఖాళీ ఆర్బిటాల్‌లోకే (అణువులో ఎలక్ట్రాన్ ఉండగలిగే ఖాళీ చోటులోకే) ఎక్కించడం. వోల్టేజ్ ఒకటి నుంచి నాలుగు దాకా పోతుంది. ఎలక్ట్రాన్ లోపల కాసేపు కూర్చుంటే అణువు రుణ అయాన్ అవుతుంది, ఆ కొద్ది క్షణంలో ఏదో ఒక బంధం వదులవుతుంది. అసలైన కెమిస్ట్రీ, అంటే రసాయన పుస్తకంలో పేరున్న చర్యలు, ఎక్కువగా ఈ దారిలోనే జరిగాయి. నాకు అన్నింటికంటే నచ్చేది 2000లో బెర్లిన్‌లో సా వై హ్లా, కార్ల్-హైన్‌జ్ రీడర్ వాళ్లు చేసిన పని. 1901లో ఫ్రిట్జ్ ఉల్మాన్ రాగి సమక్షంలో ఫ్లాస్కులో చేసిన చర్యనే వాళ్లు రెండే రెండు అయోడో బెంజీన్ అణువులతో, 20 కెల్విన్ (సుమారు మైనస్ 253 డిగ్రీల సెల్సియస్) చలిలో, అడుగు అడుగునా టిప్‌తోనే చేశారు. 1.5 వోల్టుల ఎలక్ట్రాన్లతో అయోడిన్ తెంచారు, అయోడిన్ ముక్కను టిప్‌తో పక్కకు జరిపారు, రెండు ఫినైల్ ముక్కల్ని దగ్గరికి తెచ్చారు, తర్వాత అర వోల్టు ఎలక్ట్రాన్లతో కలిపారు. కలిశాయని ఎలా తెలిసింది? ఒక చివర పట్టి లాగారు, రెండూ కలిసి కదిలాయి. ఎంత సాదా రుజువు! కార్బన్-అయోడిన్ బంధం పక్కనున్న కార్బన్-హైడ్రోజన్, కార్బన్-కార్బన్ బంధాలకంటే బాగా బలహీనం కాబట్టి ఎలక్ట్రాన్ శక్తి సరిగ్గా పెడితే తెగాల్సిందే తెగింది. మొదటి ప్రాజెక్టుకు అయోడిన్, బ్రోమిన్ ఉన్న అణువులే పట్టమని నేను మొండిగా చెప్పేది ఇందుకే.

ఈ దారికి ఇప్పుడున్న ఎత్తు చూడాలంటే 2019 నాటి కార్బన్ ఉంగరం చూడాలి. 18 కార్బన్లు మాత్రమే ఉన్న ఆ ఉంగరాన్ని ఐబీఎం జూరిక్, ఆక్స్‌ఫర్డ్ వాళ్లు కలిసి చేశారు, 24 కార్బన్లు, 6 ఆక్సిజన్లు ఉన్న అణువు నుంచి వోల్టేజ్ పల్సులతో కార్బన్ మోనాక్సైడ్ ముక్కలు రాల్చుకుంటూ పోయారు. మరుసటి ఏడాది మొదలుపెట్టే అణువును మార్చారు, ఆరు బ్రోమిన్లు ఉన్నది తీసుకుని వాటిని రాల్చారు, 64 శాతం సార్లు ఉంగరం వచ్చింది. పల్స్ ఎలా ఇవ్వాలని తలపట్టుకునే పిల్లలు ఏ అణువుతో మొదలుపెట్టాలి అన్నదాని మీద సగం సమయమైనా పెట్టరు, సింథసిస్ చేసే కెమిస్టుతో మాట్లాడరు, అక్కడే చాలా నెలలు పోతాయి. 2022లో ఇంకో అడుగు వేశారు, ఒకే అణువు ముక్క నుంచి మూడు ఐసోమర్లు (అవే పరమాణువులు, వేరే అమరిక) చేసి, పల్స్ వోల్టేజ్ మార్చి ఒకదాని నుంచి ఇంకోదానికి తిప్పి చూపించారు.

ఈ దారిలో ప్రమాదం ఒకటుంది. వోల్టేజ్ ఎక్కువైతే ఎలక్ట్రాన్లు ఉపరితలం మీద పాకి కొన్ని నానోమీటర్ల అవతల ఉన్న అణువుల్ని కూడా మార్చేస్తాయి, మీరు ముట్టుకోని అణువు మారిపోయి కనిపిస్తుంది. కాబట్టి పల్స్ తర్వాత కింద ఉన్న అణువొక్కదాన్నే చూసి సంబరపడకుండా చుట్టూ పెద్ద బొమ్మ కూడా తీయాలి. ఈ ఒక్క అలవాటు లేకపోవడం వల్ల మంచి మంచి వాళ్లు పొరబడటం చూశాను.

మూడోది విద్యుత్ క్షేత్రం, ల్యాబుల్లో ఫీల్డ్ అనే అంటారు. ఒక నానోమీటరు మీద ఒక వోల్టు అంటే మీటరుకు 100 కోట్ల వోల్టులు. మామూలు గాలి మీటరుకు 30 లక్షల దగ్గరే మెరుపు కొడుతుంది. ఇంత ఫీల్డ్‌లో అణువు వంగడం, ఆకారం మార్చుకోవడం వింతేమీ కాదు, 2006లో బంగారం మీద అజో బెంజీన్ రకం అణువులు ఇలాగే ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మారాయి. 2016లో డీల్స్-ఆల్డర్ చర్య (రెండు అణువులు కలిసి ఉంగరం కట్టే చర్య) వేగాన్ని కూడా ఫీల్డ్ దిశతో మార్చి చూపించారు, అదీ ఎస్టీఎం టిప్‌తోనే. వినడానికి చాలా బాగుంటుంది. కానీ నా అభిప్రాయం నిక్కచ్చిగా చెబుతా: కొత్తగా వచ్చినవాళ్లు దీన్ని మొదటి ప్రాజెక్టుగా తీసుకోవద్దు. కరెంటు వల్ల జరిగిందాన్ని ఫీల్డ్ మీదకు నెట్టేయడం చాలా సులువు. అది ఫీల్డేనని చెప్పాలంటే టిప్ పైకెత్తాలి, కరెంటు ఇంచుమించు సున్నాకు రావాలి, అయినా మార్పు రావాలి, దానికి కావాల్సిన వోల్టేజ్ దూరంతో పాటు వరుసగా పెరగాలి. ఇంత చేసే ఓపిక ఉంటే సరే.

నాలుగోది టిప్‌తో నెట్టడం, లాగడం. 1989లో డాన్ ఐగ్లర్ 35 జినాన్ పరమాణువులతో ఐబీఎం అని రాసింది ఇలాగే. 2008లో ఆ నెట్టుడికి ఎంత బలం కావాలో కొలిచారు: రాగి మీద కోబాల్ట్ పరమాణువుకు 17 పికో న్యూటన్లు, అదే కోబాల్ట్‌కు ప్లాటినం మీద 210. కింద ఏ లోహం ఉందన్నదే అంత తేడా తెస్తుంది. బంధం తెంచడానికి నేను ఈ దారి ఎంచుకోను, కానీ ఇది లేకుండా మిగతావి సాగవు, ముక్కల్ని చోటుకు చేర్చేదీ, లాగి చూసి నిజం చెప్పించేదీ ఇదే. బలాన్ని కొలవాలంటే మాత్రం ఎస్టీఎం ఒక్కటే సరిపోదు, దాంతోపాటు ఏఎఫ్‌ఎం (అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్, టిప్‌కూ అణువుకూ మధ్య బలాన్ని పట్టేది) సెన్సర్ ఉండాలి. చివర ఒక కార్బన్ మోనాక్సైడ్ అణువు అంటించిన టిప్‌తో ఏఎఫ్‌ఎం తీస్తే అణువులోని బంధాల గీతలే కనిపిస్తాయి, 2009లో పెంటసీన్ మీద లియో గ్రాస్ వాళ్లు చూపించినప్పటి నుంచీ అదే అందరూ నమ్మే సాక్ష్యం అయిపోయింది. మీరు చేరబోయే ల్యాబులో అది ఉంటే సగం టెన్షన్ పోయినట్టే.

వేడి చేయడం, లైటు కొట్టడం కూడా ఉన్నాయి. మీకు కావాల్సింది పదార్థమే అయితే, అంటే ఉపరితలం నిండా ఒకే రకం గొలుసులు కావాలంటే, టిప్ వదిలేసి వేడి చేయండి. 2010లో బంగారం మీద గ్రాఫీన్ రిబ్బన్లు అలాగే చేశారు, 200 డిగ్రీల దగ్గర గొలుసు కట్టింది, 400 దగ్గర చదునుగా మారింది, టిప్ పని చూడటం వరకే. లైటు కొడితే టిప్ వేడెక్కి సాగుతుంది, అది వేరే తలనొప్పి, మొదట్లో వద్దు.

ఇక కింద ఏం ఉండాలి అన్నది. మన వైపు వాళ్లకు ఇది చెప్పడం నాకు భలే ఇష్టం. సైదాపురం వైపు గనుల్లో దొరికే అభ్రకం ఉంది కదా, మనం కాకిబంగారం అంటాం, పొరలు పొరలుగా ఊడొస్తుంది. అప్పుడే ఒలిచిన అభ్రకం పొర పరమాణువుల స్థాయిలో చదునుగా ఉంటుంది, దాని మీద వాక్యూమ్‌లో బంగారం ఆవిరి పట్టిస్తే ఎస్టీఎంకు పనికొచ్చే (111) ముఖం, అంటే పరమాణువులు దగ్గర దగ్గరగా సర్దుకున్న చదునైన ముఖం, వస్తుంది. అంటే కాకిబంగారం మీద అసలు బంగారం. మొదట నేర్చుకోవడానికి ఇది చాలు, డబ్బూ తక్కువ. సీరియస్ పనికి విడిగా పెంచిన బంగారం, వెండి, రాగి స్ఫటికాలు కొని, వాక్యూమ్‌లో ఆర్గాన్ అయాన్లతో కొట్టి, వేడి చేసి, మళ్లీ మళ్లీ శుభ్రం చేసుకుంటారు.

లోహం మీద ఒక చిక్కుంది. అణువులోకి ఎక్కిన ఎలక్ట్రాన్ ఫెమ్టో సెకన్లలోనే (పికో సెకనులో వెయ్యో వంతు) లోహంలోకి జారిపోతుంది, బంధం తెగే తీరిక దానికి ఉండదు, కాబట్టి కోట్ల ఎలక్ట్రాన్లలో ఒకటి పనిచేస్తే గొప్ప. మధ్యలో రెండు పొరల ఉప్పు వేస్తే ఎలక్ట్రాన్ అణువులో ఎక్కువసేపు నిలుస్తుంది. అవును, ఉప్పే, ఇస్కపల్లి మడుల్లో తేలే సోడియం క్లోరైడే, కాకపోతే శుద్ధి చేసింది, వాక్యూమ్‌లో ఆవిరి చేసి రాగి మీద పరుస్తారు. కార్బన్ ఉంగరం పుట్టింది ఆ ఉప్పు మీదే. మరి ఎప్పుడూ ఉప్పే వేయొచ్చు కదా అంటే, ఉప్పు మీద అణువుకు పట్టు తక్కువ, ఊరికే జారిపోతుంది, కరెంటు పికో ఆంపియర్లలోనే నడపాలి, 5 కెల్విన్ చలి ఉండాలి. ఇంకోటి, లోహం కూడా చర్యలో పాల్గొనాలంటే, ఉల్మాన్ చర్యలో రాగిలాగా, ఉప్పు దానికి అడ్డు.

చలి సంగతి డబ్బు సంగతే. మన పశువుల ఆసుపత్రుల్లో ఒంగోలు గిత్తల వీర్యం స్ట్రాలు పెట్టే క్యాన్లు చూసే ఉంటారు, అందులో ఉండేది ద్రవ నైట్రోజన్, 77 కెల్విన్. ఎక్కడైనా దొరుకుతుంది, ఖరీదు తక్కువ. ద్రవ హీలియం 4.2 కెల్విన్, అది మన దేశానికి దిగుమతి సరుకు, తిరిగి పట్టుకునే ప్లాంటు లేని ల్యాబులో నెలకు ఎన్ని రోజులు మిషన్ నడుస్తుందో ఆ బడ్జెట్టే చెబుతుంది. పెద్ద అణువులు, లోహానికి గట్టిగా పట్టుకునేవి అయితే 77 దగ్గర కూడా చాలా పని చేయొచ్చు. కంపనాల గుర్తులు చూడాలన్నా, ఉప్పు వాడాలన్నా హీలియం తప్పదు, 77 దగ్గర ఆ గుర్తులు వేడికి చెదిరి కలిసిపోతాయి. ఇక గాలిలో పెట్టే బల్ల మీద ఎస్టీఎంలు ఉన్నాయి, ప్లాటినం-ఇరిడియం తీగను కట్టర్‌తో కోసి టిప్ చేసి గ్రాఫైట్ పరమాణువులు చూడొచ్చు, మన డిగ్రీ కాలేజీల్లో ఒక్కొక్కటైనా ఉండాలని నా కోరిక. ఒక్క అణువు కెమిస్ట్రీకి మాత్రం అవి పనికిరావు. మన తీరం గాలిలో తేమ సంగతి చెప్పనక్కర్లేదు, అణువు చుట్టూ నీళ్లు చేరితే మీరు మార్చింది ఏదో ఎవరు చెప్పగలరు?

కాబట్టి మా తమ్ముడికి చెప్పింది ఇది. హీలియం ఉండి, ఏఎఫ్‌ఎం లేకపోతే, కంపనం దారి పట్టు, చిన్న అణువు, ఖాళీ లోహం, డ్యుటీరియం వేసిన జోడీ కూడా తెప్పించుకో. హీలియం, ఏఎఫ్‌ఎం రెండూ ఉంటే ఉప్పు మీద ఎలక్ట్రాన్ ఎక్కించే దారి, బ్రోమిన్ ఉన్న అణువు, మంచి సింథసిస్ కెమిస్టు తోడు. నైట్రోజన్ ఒక్కటే ఉంటే బంగారం మీద అయోడిన్ తెంచే పని, దానికి వేడి చేసి చూసే పోలిక. ఏది పట్టినా వోల్టేజ్ కింది నుంచి పైకి మెల్లగా పెంచుకుంటూ పో, మార్పు మొదలైన గడప దగ్గర ఆగి, కనీసం అయిదారు వేర్వేరు కరెంట్ల దగ్గర, ఒక్కోదానికి పదుల అణువుల మీద కొలువు.

వాడు "ల్యాబు చూడ్డానికి పిలిస్తే ఏం అడగాలన్నా?" అన్నాడు. పేపర్లో వేసిన అందమైన బొమ్మ అడగొద్దన్నాను. పల్స్ ఇస్తున్నప్పుడు టైముతో పాటు నడిచిన కరెంటు గీత, సరిచేయనిది, ఒకటి చూపించమని అడుగు. అణువు మారిన క్షణాన ఆ గీత మెట్టు దిగినట్టు ఒక్కసారిగా దిగుతుంది, లేదా ఎక్కుతుంది. ఆ మెట్టు ముందూ వెనకా గీత నిలకడగా ఉంటే టిప్ మారలేదని ఒక ఆధారం. వణుకుతూ ఉంటే, ఆ రోజు వాళ్లు టిప్‌ను ఎలా సరిచేసుకున్నారో, ఎన్ని గంటలు పట్టిందో అడుగు.